పంతొమ్మిది ముక్కలు, పంతొమ్మిది చీటీలు

జూన్ 4

ఈ ఏడు అక్క దగ్గర్నుంచి కవరు రాలేదు. మే నెల దాటిపోయింది. పోస్టు వాళ్ళ నిర్వాకం అయ్యుంటుంది.

జూన్ 5

పోస్టాఫీసుకి వెళ్ళి అడిగాను. నా పేరు మీద ఏమీ లేదట. "ముఖ్యమైనదా అమ్మా?" అన్నాడు గుమాస్తా. కాదన్నాను.

జూన్ 9

పంటి డాక్టరు దగ్గర గంటన్నర పడిగాపులు. బల్ల మీద ఆదివారం అనుబంధం, రంగుల పేజీ. "చేతి లేసు ముక్కలతో మీ ఇంటికి కొత్త అందం: పది చిట్కాలు." రెండు అద్దాల మధ్య పెట్టి కిటికీకి వేలాడదీయండి. కుట్టు రింగులో బిగించి గోడకి తగిలించండి. గాజు సీసాకి చుట్టి లోపల చిన్న దీపం పెట్టండి. పదికి పదీ చదివాను, ఆ లేసు అల్లిన మనిషి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. ఒక్కచోట "బామ్మల కాలం నాటి" అని ఉంది. అంతే. బామ్మలు పోయారు, లేసు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడింది కాబోలు! గుమ్మంలో వెలుగు కోసం కూర్చుని, మెడ పట్టేసేదాకా అల్లే ఆడవాళ్ళు ఇవాళ, ఈ ఊళ్ళోనే, ఈ వీధి చివరే ఉన్నారు. వాళ్ళకి హాజరు పట్టీ లేదు, సెలవు లేదు, కళ్ళజోడు ఇప్పించే దిక్కు లేదు. ఫ్యాక్టరీలో చేస్తే పని, ఇంట్లో చేస్తే తీరిక! ఎవరి తీరిక? ఎవరు తీర్చారు?

పేజీ చింపి సంచిలో పెట్టుకున్నాను. చీటీలు రాసే అమ్మాయి చూసింది. చూడనీ.

ఇంటికొచ్చి ఆ పత్రికకి నాలుగు పేజీల జవాబు రాశాను. మార్చిలో నా కాలమ్ ఆపేసింది కూడా వాళ్ళే. వేస్తారని కాదు. రాయకపోతే పన్ను ఇంకా సలిపేది.

జూన్ 10

బీరువా అడుగున ఉన్న బూట్ల పెట్టె తీశాను. పంతొమ్మిది ముక్కలు. అరచేయంతవి, అంతకన్నా చిన్నవి. అగ్గిపెట్టెంతది ఒకటి.

పదమూడేళ్ళ కిందట నేను "మా అక్క వేళ్ళు" అని వ్యాసం రాశాను. చాలాచోట్ల అచ్చయింది, సభల్లో చదివారు. అందులో అబద్ధం ఒక్క వాక్యం లేదు. అక్క పదిహేనో ఏట లేసు సూది పట్టింది. ఏజెంటు ఇచ్చిన నమూనా, ఏజెంటు ఇచ్చిన దారం, ఏజెంటు చెప్పిన కూలి. ఆ సూదే నన్ను చదివించిందని కూడా రాశాను. దాచలేదు.

అక్క ఫోన్ చేసింది. "నా గురించి రాసేముందు నన్నొక మాట అడగొచ్చు కదే" అంది.

"ఇది నీ గురించి కాదక్కా, వ్యవస్థ గురించి" అన్నాను.

"అయితే వ్యవస్థ వేళ్ళు అని పెట్టాల్సింది" అని ఫోన్ పెట్టేసింది.

రెండు నెలలకి మొదటి కవరు వచ్చింది. లోపల నీలం కాగితంలో మడిచిన లేసు ముక్క. ఉత్తరం లేదు. ఆ తర్వాత ఏడాదికొకటి, ఒక్కో ఏడు రెండు. ఎప్పుడూ ఉత్తరం లేదు. నాకు అర్థమయింది ఇదీ: 'నువ్వెంత గొంతు చించుకో, నేను అల్లుతూనే ఉన్నాను, చూడు.' నేనూ జవాబు రాయలేదు. దెప్పిపొడుపుకి జవాబేమిటి? మధ్యలో అమ్మ పోయినప్పుడు ఒక్కసారి కలిశాం. మూడు రోజులు ఒకే గదిలో పడుకున్నాం. గిన్నెలు ఎవరు తీసుకోవాలన్న సంగతి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

జూన్ 11

ఈ ఫోను కొంచెం తేడాగా మోగుతోంది. ఒకసారి చూపించాలి. ఎవరో చేస్తారని కాదు.

జూన్ 15

గృహ కార్మికుల సంఘం కార్యదర్శిని కలిశాను. నాకంటే పదేళ్ళు చిన్నది, నాకంటే రెండింతలు ఓపిక. గ్రంథాలయం మేడ మీది హాలు జూలైలో ఆరు రోజులు వాళ్ళ చేతిలో ఉందట.

"మీ దగ్గర ఏముంది?"

"పంతొమ్మిది లేసు ముక్కలు. ప్రతి దాని కింద దానికి పట్టిన గంటలు. ఏ వ్యాఖ్యా అక్కర్లేదు. గంటలే మాట్లాడతాయి."

"మీరు వ్యాఖ్య రాయకుండా ఉంటారా?" అంది. నవ్వింది. ఒప్పుకుంది.

జూన్ 18

బావకి పంటి నొప్పికి ఏదో మందు తెలుసని గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"ఏం ఉపన్యాసం, ఎలా ఉన్నావు?" అన్నాడు. నన్నలాగే పిలుస్తాడు, మొదట్నుంచీ. మందు చెప్పాడు. తర్వాత, "మీ అక్క సూది మానేసిందమ్మా" అన్నాడు. "బొటనవేలు మడత పడటం లేదు. డాక్టరు ఇక పట్టుకోవద్దన్నాడు. శీతాకాలం నుంచీ అంతే."

"ఫోనివ్వండి బావా."

"పడుకుంది."

పొద్దున పదకొండు గంటలకి! అక్క జన్మలో ఆ వేళప్పుడు పడుకోలేదు.

ప్రదర్శన సంగతి చెప్పాను. రమ్మన్నాను. "చెప్తాలే" అన్నాడు. అక్క పక్కనే ఉంది. ఊపిరి వినిపించింది.

కాబట్టి ఇక కవర్లు రావు.

జూన్ 21

గంటలు లెక్కకట్టడం మొదలుపెట్టాను. భూతద్దం, దబ్బనం, కాగితం. ముక్కని వెనక్కి తిప్పితే ముడులు తేలి కనిపిస్తాయి, లెక్క తప్పదు. నిమిషానికి ఎన్ని ముడులో సంఘంలో ఒకామెని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఇవాళ నాలుగు అయ్యాయి. అగ్గిపెట్టెంత దానికే మూడు గంటల పైన. చదివినవాళ్ళకి నోట మాట రాకూడదు.

జూన్ 24

ఆ పది చిట్కాల్లో నాలుగోది, వెనక ముదురు రంగు గుడ్డ పెట్టమన్నది, పనికొచ్చింది. ఒప్పుకోడానికి ఒళ్ళు మండుతోంది.

ఇంట్లోనే పెట్టి చూస్తున్నాను. తెల్ల గోడ మీద తెల్ల లేసు చచ్చిపోతుంది. ముదురు నీలం పరదా కత్తిరించి దాని మీద పెడితే లేచి కూర్చుంది. గుండుసూదులు గుచ్చితే తుప్పు మరక పడుతుందని సంఘంలో ఆమె చెప్పింది. అందుకని ఒక దాన్ని జిగురుతో అతికించాను. తుప్పు పట్టని సూదులు కూడా ఉంటాయని తర్వాత చెప్పింది. అప్పటికే ఒక మూల పసుపు రంగు తిరిగింది. వేలితో రుద్దాను, ఇంకా పాకింది. ఈ వయసులో ఒక గుడ్డ ముక్క కోసం ఏడవడం ఏమిటి! జలుబు చేసినట్టుంది.

జూన్ 26

ఫ్రేముల కొట్టాయన దగ్గరికి వెళ్ళాను. మెట్ల కింద కొట్టు. మనిషి కూర్చుంటే అద్దాలకి చోటుండదు, అద్దాలు పెడితే మనిషికి ఉండదు.

"నేరుగా అద్దం అదిమేస్తారా? ఊపిరాడొద్దూ!" అన్నాడు. "అంచుల వెంట సన్నటి అట్ట పట్టీ వేస్తాను. రెండద్దాలూ దాన్ని ముట్టుకోవు. మధ్యలో తేలుతుంది."

"తేలితే జారిపోదా?"

"నాలుగు మూలలా దాని దారంతోనే ఒక్కో కుట్టు. మీకు కుట్టడం వచ్చా?"

రాదన్నాను, ఇవి మా అక్క అల్లినవన్నాను. నా ముఖంలోకీ లేసులోకీ మార్చి మార్చి చూశాడు. "ఇంట్లో అల్లేవాళ్ళని పెట్టుకుని బొత్తాం కుట్టుకోడం రాకపోతే ఎలాగండీ" అని, తనే కుట్టాడు. చిన్న సూది, పెద్ద వేళ్ళు. బాగా కుట్టాడు. ఏ వైపు పైకి పెట్టాలని అడిగాడు. ముడులు కనిపించే వైపు అన్నాను. "మీ ఇష్టం" అన్నాడు.

జూలై 6

పెట్టేశాను. రాసుకోవాలి, మళ్ళీ ఇలా కుదరదు.

పడమటి కిటికీలకి ఆరు, అద్దాల మధ్య, తీగలతో వేలాడుతూ. మధ్యాహ్నం దాటాక వాటి నీడలు నేల మీదికి దిగుతాయి. జనం వాటిని తొక్కకుండా పక్కకి తప్పుకుని నడుస్తారనిపిస్తోంది. గ్రంథాలయంలో కార్డులు దాచే పాత బీరువా ఒకటి మూల పడి ఉంటే అడిగి తీసుకున్నాను. ఎనిమిది చిన్న సొరుగులు సగం లాగి, నీలం గుడ్డ పరిచి, సొరుగుకొకటి. చూడాలంటే వంగాలి. అల్లేవాళ్ళు వంగినట్టే వంగాలి. ఇది నా సొంత ఊహ, ఏ చిట్కాల పేజీలోనూ లేదు. మూడు కుట్టు రింగుల్లో. ఒకటి సీసా చుట్టూ. అగ్గిపెట్టెంతది ఒక బల్బు ముందు పెడితే గోడ మీద గొడుగంత నీడ.

ద్వారం దగ్గర ఆ రంగుల పేజీ. దాని కింద నా చేతి రాత: "ఇందులో మనిషి ఎక్కడ?"

చీటీలన్నీ ఒకే తీరు. "నమూనా 7. పదకొండు గంటలు. అల్లినది: గృహ కార్మికురాలు, వయసు 58."

జూలై 7

జనం బాగా వచ్చారు. పదకొండు నిమిషాలు మాట్లాడాను. ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. కార్యదర్శి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరో కళాశాల లెక్చరరు వచ్చి, ఈ ఊళ్ళో ఇంత పదునుగా ఎవరూ చూపించలేదన్నాడు.

ఇంటికొచ్చి ఒక కంచం కడుక్కున్నాను. ఒక గ్లాసు. చెప్పుకోడానికి ఎవరికైనా ఫోన్ చేద్దామని పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను.

జూలై 8

తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూడటం మానాలి.

జూలై 9

అక్క వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంట. హాల్లో నేనూ, పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయనా. ముందు బావ గొడుగు కనిపించింది, వెనకాల అక్క. జుట్టు పూర్తిగా నెరిసింది. కుడి బొటనవేలికి గుడ్డ పట్టీ. నన్ను చూసి తల ఊపింది, బస్సులో ఎదురైన మనిషికి ఊపినట్టు. నేను లేవబోతే "కూర్చో, చూడనీ" అంది.

ద్వారం దగ్గరి పేజీతో మొదలుపెట్టింది. పది చిట్కాలూ చదివింది. తర్వాత ఒక్కో చీటీ. ఒక్కో సొరుగు ముందూ వంగింది. పంతొమ్మిదికి అరగంట పట్టింది. బావ ముఖంలోకి చూశాను. ఆయన చూపు తప్పించాడు.

వచ్చి నా ఎదురుగా నిలబడి, "అన్నీ బోర్లా పెట్టావు" అంది.

"ఏమిటి?"

"ముఖం గోడకీ, వీపు జనానికీ. ముడులు కనిపించేది వెనకవైపే. అల్లేవాళ్ళ ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలీదా?"

"లెక్కకి తేలిగ్గా ఉంటుందని…"

"అవును, లెక్క! ఇది పదకొండు గంటలా?" ఏడో ముక్క వైపు పట్టీ వేలు చూపించింది. "తొమ్మిది రోజులు పట్టిందే, తొమ్మిది రోజులు. ఎనిమిది సార్లు విప్పాను. విప్పిన గంటలు ఎక్కడ వేశావు?"

"ఏజెంటు అన్ని రోజులు ఎలా…"

"ఏజెంటా!" అంది. పెద్దాయన పేపరు దించాడు. "ఏజెంటు ముక్క ఒక్కటి తగ్గితే ఊరుకుంటాడా? ఎంచుకుని తీసుకుపోతాడు. ఇవి వాడివనుకున్నావా ఇన్నాళ్ళూ? ఇవి నావే. వాడి పుస్తకంలో లేవు, ఎవడి పుస్తకంలోనూ లేవు. వాడి పని అయ్యాక, మిగిలిన దారంతో, నా బుర్రలోంచి తీసినవి. కొత్త పువ్వు కుదిరినప్పుడల్లా మొదటిది నీకు పంపాను."

నాకు! చివరికి అడగకూడనిదే అడిగాను. "ఉత్తరం ఒక్కటైనా రాయలేదేం?"

"రాస్తే అచ్చేస్తావని."

బావ నవ్వబోయి దగ్గాడు.

అక్క ద్వారం దాకా వెళ్ళి ఆ రంగుల పేజీ దగ్గర ఆగింది. "వీళ్ళు బామ్మ అన్నారు. నువ్వు గృహ కార్మికురాలు అన్నావు. ఇద్దరిలో ఎవరికీ నా పేరు రాయబుద్ధి కాలేదు." ఇంకా దగ్గరగా వంగి చూసింది. "వీళ్ళైనా నయం. సరైన వైపు పెట్టారు."

ఇంటికి రమ్మన్నాను, అన్నం వండుతానన్నాను. నాలుగింటికి బస్సుందంది. మెట్లు దిగుతూ రెయిలింగు ఎడం చేత్తో పట్టుకుంది. బావ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఊపాడో, గొడుగు సర్దుకున్నాడో.

జూలై 10

హాలు తెరవలేదు. తలనొప్పి అని కబురు పంపాను.

సాయంత్రం.

కాదు, ఆలోచిస్తే నా వాదన తప్పేం కాదు. పాలకి పాలు, నీళ్ళకి నీళ్ళు విడదీసి చూస్తే, ఖాళీ సమయం కూడా దోపిడీలో భాగమే. అలిసిపోయిన శరీరం నుంచి పుట్టిన… ఆ తర్వాత వాక్యం రావడం లేదు. నాలుగుసార్లు మొదలుపెట్టాను.

నాకు పంపింది. పదమూడేళ్ళు.

జూలై 11

పొద్దున్నే వెళ్ళి చీటీలన్నీ పీకేశాను. ఫ్రేముల ఆయన్ని పిలిపించాను. ముక్కలన్నీ తిప్పి మళ్ళీ కుట్టాలంటే ఆయన ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా బాధగా ఉంది. మొదటి దాన్ని తిప్పి కిటికీకి కట్టగానే ఇద్దరం వెనక్కి జరిగాం. రేకులు పైకి లేచాయి. వెనకనుంచి అదొక వలలా ఉండేది. ముందునుంచి పువ్వు.

కార్యదర్శి వచ్చి తల పట్టుకుంది. "రేపు ఆఖరి రోజు! గంటల చీటీలే కదా అసలు బలం? జనం వాటిని చూసే ఏడ్చారు."

"తప్పు లెక్క చూసి ఏడ్చారు."

"గంటలు అటూ ఇటూ అయితే దోపిడీ లేకుండా పోతుందా?"

ఈ మాట నేననాల్సింది. మొన్నటిదాకా అనేదాన్నే. ఇద్దరం అరుచుకున్నాం. ఆమె వెళ్ళిపోయింది.

ఖాళీ హాల్లోంచి ఫోన్ చేశాను. బావ ఎత్తాడు.

"అక్కని అడగండి బావా. ఎడం కిటికీలో మొదటిది. దానికి పేరుందా?"

ఫోను పక్కకి పెట్టాడు. గొణుగుడు. "వాన తగ్గాక అట."

రాసుకున్నాను. "రెండోది? రేకు ఒకటి పొట్టిగా ఉన్నది."

"కుంటి చుక్క."

"సీసా చుట్టూ ఉన్నది?"

"అది…" బావ గొంతు సవరించుకున్నాడు. "నా గురక అట. ఒక ఎత్తు, ఒక పల్లం. అలా అని రాస్తావా ఏంటి, జనం చదువుతారు!"

"ఏడోది?"

ఈసారి గొణుగుడు చాలాసేపు. "నీ నోరట. అంచు చుట్టూ తిరుగుతూనే ఉంటుందట, ఆగదట. అందుకే ఎనిమిది సార్లు విప్పిందట."

అలా పదిహేడయ్యాయి. పద్దెనిమిదోది జిగురు మరకది. చెప్పక తప్పలేదు. బావ ఆ మాట అటు చేర్చీ చేర్చకుండానే ఫోను గరగరలాడింది. అక్క గొంతు.

"జిగురు పెట్టావా!"

"పెట్టాను."

"నీ తలకాయ! చల్లటి నీళ్ళలో నానబెట్టు. పూటంతా. రుద్దకు. రుద్దావా?"

"రుద్దాను."

"రుద్దే ఉంటావు." ఊపిరి పీల్చుకుంది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

నా నోరు ఆగలేదు. "అయితే అక్కా, ఆ ఏజెంటు మంచివాడేనంటావా? నేను రాసిందంతా తప్పేనా?"

"మంచివాడని ఎవరన్నారు? నా వేలు పోయింది వాడి పనిలోనే. నలభై ఏళ్ళు వాడి పువ్వు, వాడి కొలత. వేలు చూపిస్తే ఇంకొకరిని వెతుక్కున్నాడు. అది రాయి. ఇవి నావని కూడా రాయి. రెండూ ఒక చీటీ మీద పట్టవా?"

"నీ పేరు రాయనా?"

"ఇంటిపేరుతో సహా."

"రేపు వస్తావా? ఆఖరి రోజు."

"రాను. మోకాళ్ళు పట్టేశాయి."

పంతొమ్మిదోది అడగడం మర్చిపోయాను.

జూలై 12

చీటీ మీద పట్టలేదు. పెద్ద అట్ట తెచ్చి రాశాను. రంగుల పేజీ తీసేసి ఆ అట్ట అక్కడ నిలబెట్టాను. జనం రావడానికి ఇంకా గంట ఉంది. గోడకి మేకు కొట్టబోయి ఆగాను. ఫోన్ చేశాను.

ఈసారి ఎత్తింది అక్కే.

"పెట్టేముందు చదువుతాను, విను" అన్నాను.

చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే అక్క అడ్డం పడింది.

"'నలిగిపోయిన' తీసెయ్."

"ఎందుకు? నలభై ఏళ్ళు…"

"నేను నలగలేదే. నాకు కోపమొచ్చింది. ప్రతి వారం వాడొచ్చినప్పుడల్లా కోపమొచ్చేది. వాడు వెళ్ళగానే కూర్చుని నాది అల్లుకునేదాన్ని. నువ్వెప్పుడూ నన్ను ఏడుస్తున్నట్టే రాస్తావు. కోపం నీ ఒక్కదాని సొత్తా?"

కొట్టేసి 'కోపంతో' అని రాశాను. గట్టిగా నొక్కి రాశానేమో, అట్ట చిరిగింది. పంతొమ్మిదోది అడిగాను. దానికి పేరు కుదరలేదంది. అలాగే రాశాను: పేరు కుదరలేదు. చివరిదాకా చదివాను. 

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను."

"బాగాలేదా? మార్చనా?"

"మొదట్నుంచీ చదువు" అంది. "ఈసారి మెల్లగా. సభలో చదివినట్టు కాదు."

తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆగమని చెయ్యి చూపించి, అట్ట కిటికీ వెలుగులోకి జరుపుకుని, మొదట్నుంచీ చదివాను.